పాల్‌పాండి కాలు

మంగళవారం, 1934 నవంబరు 27. ఉదయం తొమ్మిదీ పది.

సుబ్బురాజ్ ఎక్స్‌రే ఫిలింను కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. డాక్టర్ జ్ఞానమణి కుర్చీలోంచి లేవలేదు.

"ఇది వీరసామి నాయకర్ కుడి చీలమండ," అన్నాడు సుబ్బురాజ్. "ఈ నెల పద్నాలుగున మీరు ఇక్కడే ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గలేదని ఆయన శనివారం మధురై వెళ్ళి ఈ పటం తీయించుకున్నాడు."

"అది మీ చేతికి ఎలా వచ్చింది?"

"ఆయన భార్య ఇచ్చింది. మధురై డాక్టరు ఆమెకు ఈ చుక్క చూపించాడట." సుబ్బురాజ్ పెన్సిలు మొన ఫిలిం మీద ఉంచాడు. చీలమండకు పైన, డాక్టరు అతికించిన నాలుగంగుళాల ఎముక పట్టీ కనిపిస్తోంది. దాని నడుమ మిరియపు గింజంత తెల్ల చుక్క ఉంది. "సీసపు గుండు. నాయకర్ ఎన్నడూ తుపాకీ దెబ్బ తినలేదు. తన భర్త కాలిలో ఎవరి ఎముక ఉందో చెప్పేదాకా ఆమె నిద్రపోనంటోంది. నాకూ అదే కావాలి."

సుబ్బురాజ్ రాజపాళయం మనిషి. మద్రాసు సి.ఐ.డి.లో పదహారేళ్ళు పనిచేసి వదిలేశాడు. ఇప్పుడు వకీళ్ళ కోసం విచారణలు చేస్తున్నాడు. ఈసారి అతణ్ణి పిలిపించింది కోవిల్‌పట్టి వకీలు ఒకాయన. వకీలు కక్షిదారు ఇసక్కిముత్తు లాకప్పులో ఉన్నాడు. తన అక్క మొగుడు చెల్లసామిని పద్నాలుగో తేదీ రాత్రి బావిలోకి తోసి చంపానని పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు. శవం దొరకలేదు. మర్నాడు ఉదయం పదకొండుకు ఆ ఒప్పుకోలును మేజిస్ట్రేటు రాసుకుంటాడు. రాతలోకి ఎక్కితే ఉరి తప్పించడం తన వల్ల కాదని వకీలు చెప్పాడు.

చెల్లసామి కోవిల్‌పట్టిలో నాయకర్ దూది గోదాముకు కావలివాడు. పదమూడు సాయంత్రం ఆ గోదాములో బేలు ఒకటి జారి నాయకర్ కాలి మీద పడింది. చెల్లసామి ఆయన్ని వీపు మీద మోసుకెళ్ళి కారెక్కించి, కారులో కూడా వచ్చి, విరుదునగర్‌లో ఈ నర్సింగ్ హోంలో దించాడు. అంతవరకు అందరూ ఒకే మాట చెబుతున్నారు. మర్నాడు సాయంత్రం రైలుకు అతను ఊరికి వెళ్ళిపోయాడన్నది డాక్టరు మాట. పోలీసులు అది నమ్మారు. నాయకర్ కూడా నమ్మాడు.

"ఆ ఎముక సంగతి మొదటినుంచి చెప్పండి," అన్నాడు సుబ్బురాజ్. "నాకు అర్థమయ్యేట్టు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడిచాడు. "నాయకర్ చర్మం తెగలేదు. లోపల మాత్రం ఎముక కింది కొన బెల్లం ముద్దలా నలిగింది. ముక్కల్ని సర్దితే నడుమ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని ఇంకో ఎముకతో నింపాలి. లేకపోతే మడమ వంకరగా అతుక్కుని మనిషి జన్మంతా కుంటుతాడు. మామూలుగా రోగి రెండో కాలి నుంచే పట్టీ కోసుకుంటాం. ఆయన ఎడమ కాలి మీద ఆరేళ్ళ పుండు ఉంది. దాన్ని ముట్టుకోకూడదు."

"అందుకని ఇంకొకరిది."

"వియన్నాలో ఉండగా చూశాను. తీసేసిన కాళ్ళ నుంచి తాజా ఎముక తీసి వాడతారు. మూడు గంటలు దాటకూడదు. ఆ పొద్దున అదృష్టం కొద్దీ నాకు ఒకటి దొరికింది." రిజిస్టరు తిప్పి సుబ్బురాజ్ వైపు జరిపాడు. "మీరే చదవండి."

సుబ్బురాజ్ చదివాడు. పద్నాలుగు, ఉదయం 6.15: పాల్‌పాండి, జిన్నింగ్ మిల్లు కూలి, వయసు 24, ఎడమ పాదం పళ్ళచక్రంలో నలిగినందున మోకాలి కింద కాలు తీసివేత. ఉదయం 9.00: వీరసామి నాయకర్, చీలమండ, పై పాల్‌పాండి కాలి ఎముకతో పూరణ.

"తీసిన ఎముక పట్టీ ఎంత పొడవు?"

"నాలుగంగుళాలు."

"ఎక్కణ్ణించి?"

"మోకాలి కింది ఎముక ముందుభాగం నుంచి. రంపంతో."

"మిగతా కాలు?"

"కాల్పించాను. పెరట్లో పొయ్యి ఉంది."

"ఎవరు కాల్చారు?"

"మూక్కన్. వార్డు పనివాడు."

"పిలవండి."

"పదిహేడు నుంచి పనికి రావడం లేదు. తాగి ఎక్కడో పడుంటాడు."

"ఆపరేషన్‌లో క్లోరోఫారం ఎవరిచ్చారు?"

"కాంపౌండరు. సెలవు మీద తూత్తుకుడి వెళ్ళాడు."

"ఎప్పుడు?"

డాక్టరు రిజిస్టరును తన వైపు లాక్కున్నాడు. "పదిహేడున."

సుబ్బురాజ్ ఫిలింను కవరులో పెట్టాడు. "చెల్లసామి భార్య చెప్పింది. ఆరేళ్ళ కింద కయత్తారు వైపు కుందేళ్ళ వేటలో పక్కవాడి తుపాకీ పేలి అతని కుడి కాలిలో గుండు దిగిందట. ఎముకలో ఇరుక్కుందని తీయకుండా వదిలేశారట. ముసురు పట్టినప్పుడల్లా నొస్తుందని కాలు కాపడం పెట్టించుకునేవాడట."

"పాల్‌పాండి కాలిలోనూ గుండు ఉండొచ్చు."

"ఉండొచ్చు. అడుగుతాను. లేదంటే రేపు పదకొండుకు ఈ రిజిస్టరు మేజిస్ట్రేటు బల్ల మీద ఉంటుంది. మీరు బోనులో ఉంటారు."

అతను బయటికి వచ్చేటప్పటికి తొమ్మిదీ నలభై. పోస్టాఫీసు ఎదుట డాక్టరుగారి నౌకరు తంతి కాగితం పట్టుకుని నిలబడి ఉండడం తొమ్మిదీ యాభై ఐదుకు చూశాడు.

మిల్లు వెనక కూలీల గుడిసెల్లో పాల్‌పాండిని వెతకాల్సిన పని పడలేదు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ మోకాలి కింద గుడ్డ కట్టు ఉంది. తల్లి పొన్నమ్మాళ్ పక్కన కూర్చుని దూదిలో గింజలు ఏరుతోంది. సుబ్బురాజ్ తెలుగు విని ఇద్దరూ తలెత్తారు. బయటివాళ్ళు వాళ్ళతో అరవమే మాట్లాడతారు. ఇంట్లో వాళ్ళది అరవపు 'ఆమా', 'దా' కలిసిన తెలుగు.

"ఎప్పుడన్నా తుపాకీ దెబ్బ తగిలిందా నీకు?"

"నాకా సామి?" పాల్‌పాండి నవ్వాడు. "కుందేలుని గూడా నేను చట్టిలోదా చూసినాను."

"నీ కాలు ఆస్పత్రిలో కాల్చేశారంటున్నారు."

నవ్వు ఆగింది. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవురు చెప్పినారు?" అంది పొన్నమ్మాళ్.

"డాక్టరు."

"ఆయనకి ఏమి తెలుసు. కాలిస్తే వీడు బతికుండునా?" ఆమె చేతిలో దూది కింద పెట్టింది. "మాలో ఒక పద్దతి ఉండాది సామి. కోసేసిన మేను మన్ను కిందికి పోకుండా మనిషికి కంజి పోయగూడదు. పోస్తే మిగిలిన మేను గూడా దాని వెనకాలదా పోతాది. మా అవ్వ కాలం నుంచి అట్లదా. పొద్దున కోసేసినారు. వీడికి తెలివి వచ్చి ఆకలి ఆకలి అంటాడు. నేను ఎట్ల పోస్తును? మూక్కన్ కాళ్ళ మీద పడితిని. వాడు మావాడేదా. దొడ్డివాకిలి కాడ గోనెలో చుట్టి చేతికి ఇచ్చినాడు."

"ఎన్ని గంటలకు?"

"గడియారం నాకి తెలీదు. మా తమ్ముడు తల మీద పెట్టుకుని పరిగెత్తినాడు. పూడ్చి మన్ను కప్పేటప్పటికి మిల్లు సంగు ఊదినారు."

"ఎనిమిది గంటల కూతా?"

"ఆమా. ఆరు సంగప్పుడు వీడు ఇంకా లోపలదా ఉండినాడు."

సుబ్బురాజ్ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఎనిమిది గంటలకు మట్టిలో ఉన్న కాలి నుంచి తొమ్మిది గంటలకు డాక్టరు ఎముక కోశాడట.

"దీన్ని పోలీసుల ముందు చెబుతావా అమ్మా?"

పొన్నమ్మాళ్ మళ్ళీ దూది అందుకుంది. ఆమె బదులు పాల్‌పాండి చెప్పాడు. "మాట ఎందుకు సామి? తవ్వి చూస్కోండి. నా కాలే కదా. ముందే పోయి నాకి చోటు పట్టి పెట్టుండాది."

పన్నెండూ పదిహేనుకు శ్మశానంలో గుంట రెండడుగులు లోతైంది. తవ్వుతున్నది పొన్నమ్మాళ్ తమ్ముడు. పాల్‌పాండిని ఒంటెద్దు బండిలో తెచ్చారు. అప్పుడే జట్కా దిగి ఇద్దరు పోలీసులు వచ్చారు. ముందున్నవాడు చెల్లసామి కేసు చూస్తున్న సబ్-ఇన్‌స్పెక్టరు గోపాలకృష్ణన్. అతనిదీ తెలుగు ఇల్లే. డాక్టరు తంతి అందగానే కోవిల్‌పట్టిలో రైలెక్కాడు.

"ఎవరి ఉత్తరవుతో తవ్వుతుండారు రాజుగారూ?"

"సొంతదారు ఉత్తరవుతో."

"శవాన్ని తవ్వాలంటే మేజిస్ట్రేటు ఆర్డరు కావాల. సి.ఐ.డి. వదిలినాక చట్టం గూడా వదిలేసినారా?"

"చచ్చినవాడి పేరు చెప్పండి. ఆపేస్తాను."

గోపాలకృష్ణన్ గుంటలోకి చూశాడు. బండి వైపు చూశాడు. పాల్‌పాండి చెయ్యెత్తాడు.

"నేను ఇంకా చావలేదు సామి. రాసుకోండి."

వెనకున్న కానిస్టేబులు మొహం అవతలికి తిప్పుకున్నాడు. గోపాలకృష్ణన్ చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని గుంట అంచుకు వచ్చి నిలబడ్డాడు.

గోనె బయటికి వచ్చింది. పదమూడు రోజులు గడిచాయి. పొన్నమ్మాళ్ తమ్ముడు గోనె విప్పి నాలుగడుగులు వెనక్కి పోయాడు. సుబ్బురాజ్ చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. కత్తితో ఎముకను విడదీసి, కుండలోని నీళ్ళు పోసి కడిగాడు. పాదం వైపు నలిగిపోయింది. చీలమండ నుంచి పైకి ఎముక సాఫుగా ఉంది. టేపు పెట్టాడు. ఎనిమిదిన్నర అంగుళాలు. పైకొన దగ్గర రంపం కోత ఒకటి. అది కాలు తీసేసినప్పటిది.

"నాలుగంగుళాల పట్టీ ఎక్కడ తీశారో మీరు చూపించండి," అన్నాడు సుబ్బురాజ్.

గోపాలకృష్ణన్ వంగాడు. ఎముక ముందువైపు బొటనవేలు పెట్టి కింది నుంచి పైకి నడిపాడు. తిప్పి వెనకవైపూ అదే చేశాడు. లేచి ఇసుకతో చేతులు తోముకున్నాడు.

"కోయలేదు," అన్నాడు. "డాక్టరు అబద్దం చెప్పినాడు. సరే. ఇంకెవరి ఎముకో పెట్టినాడు. అది చెల్లసామిది అని ఎట్ల?"

"గుండు."

"ఒట్టపిడారం నుంచి కయత్తారు దాకా ఈ నల్లరేగడి కరిసలు కాట్లో కుందేలు వేటకి పోని మొగవాడు ఎవడు? ఊరికి పది కాళ్ళలో గుండు ఉంటాది."

"ఆ పొద్దున ఆ నర్సింగ్ హోంలో ఎంతమందికి ఉంటుంది?"

"చెల్లసామి పద్నాలుగు సాయంత్రం రైలెక్కినాడు."

"ఆ రైలు ఏడూ ఇరవైకి కోవిల్‌పట్టి చేరింది. టికెట్ కలెక్టరు ఆ రోజు తీసుకున్న టికెట్ల కట్ట ఇంకా ఉంది. విరుదునగర్ టికెట్లు నాలుగు. ఒకటి పొగాకు వర్తకుడిది. రెండు ఒక పెళ్ళికి వచ్చిన మొగుడూ పెళ్ళాలవి. నాలుగోది బడి పంతులుది. నలుగురితోనూ మాట్లాడాను."

"టికెట్ లేకుండా వచ్చుంటాడు."

"అలాగే అనుకోండి. మీ ఇసక్కిముత్తు ఏ బావి అన్నాడు?"

"తూర్పు తోటది."

"రెండు రోజులు నీళ్ళు తోడించారు. ఏం దొరికింది?"

"తొయ్యలేదని వాడు చెప్పలేదే. తోసినానని వాడే చెప్పినాడు."

"అతని కుడిచేతికి రెండు గోళ్ళు లేవు. ఒప్పుకోక ముందు ఉన్నాయి. అక్క చెప్పింది."

గోపాలకృష్ణన్ మొహంలో రంగు మారింది. "పదహారేళ్ళు మీరు ఏ లాకప్పులోనూ ఏ గోరూ చూడలేదు కదా."

"చూశాను. అందుకే వదిలేశాను."

 పాల్‌పాండి మామ ఎముకను మళ్ళీ గోనెలో చుడుతున్నాడు. గోపాలకృష్ణన్ టోపీ పెట్టుకున్నాడు.

"నాకి మనిషి కావాల రాజుగారూ. ప్రాణంతో చూపిస్తే ఇసక్కిముత్తుని నా చేత్తో నేనే విడిచిపెట్టుతాను. వేలంత ఎముక తెచ్చి ఇదిగో మనిషి అంటే ఏ మేజిస్ట్రేటూ ఒప్పడు. రేపు పదకొండు. దాటితే నా చేతిలో లేదు."

"చచ్చి దొరికితే?"

"దొరికిన చోటు రాసుకుంటాను." జట్కా ఎక్కాడు. ఒంటిగంటా నలభైకి అతని రైలు ఉంది.

ఒకసారి ఒప్పించినవాళ్ళు ఇంకోసారి ఒప్పిస్తారని సుబ్బురాజ్‌కు తెలుసు. శవం దొరికితే కాగితంలో బావి అన్న మాట కొట్టేసి దొరికిన చోటు రాస్తారు. కొట్టివేత పక్కన ఇసక్కిముత్తు చేత వేలిముద్ర వేయిస్తారు.

జట్కా కనుమరుగయ్యేదాకా పొన్నమ్మాళ్ కదల్లేదు. తర్వాత దగ్గరికి వచ్చింది.

"మీరు ఆ పోలీసాయన జతదా అనుకుంటిమి సామి. పొద్దున అందుకేదా ఏమీ చెప్పలేదు. ఆయనతో మీరు పోట్లాడేది చూసినాను. మూక్కన్‌ని వెతుకుతుండారు కదా?"

"ఎక్కడున్నాడు?"

"తాగి పడేవాడు కాదు వాడు. రాండి."

శ్మశానానికి పడమట అరమైలులో సున్నపు బట్టీలు రెండున్నాయి. ఒకటి మండుతోంది. రెండోది చల్లారింది. చల్లారిన బట్టీ పక్కన తాటాకు పాక. ఒంటిగంటా ఇరవై ఐదుకు వాళ్ళు అక్కడికి చేరారు. సున్నం వాసన దాటి ఇంకో వాసన పాకలోంచి వస్తోంది. గంట కిందట గోనెలోంచి వచ్చిన వాసన అది కాదు. అంతకన్నా తక్కువ. కానీ ఆ జాతిదే.

మూక్కన్‌కు నలభై ఏళ్ళుంటాయి. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పొన్నమ్మాళ్ ఏదో చెప్పింది. తప్పుకున్నాడు.

లోపల చాప మీద ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. ఛాతీ ఆడుతోంది. కుడి కాలు మోకాలి నుంచి కింద రెండింతలు వాచింది. కట్టు మీద పచ్చగా తడి ఉంది.

"చెల్లసామి?" అన్నాడు సుబ్బురాజ్.

"ఆమా సామి," అన్నాడు మూక్కన్.

సుబ్బురాజ్ అక్కడే కింద కూర్చున్నాడు. "చెప్పు. ముందు జరిగింది ముందు చెప్పు."

"తప్పు నాదేదా సామి. ఈ అమ్మ అడిగితే కాలు ఎత్తి ఇచ్చేస్తిని. డాక్టరుకి ఆ కాలుతో పని ఉండాదని నాకి తెలీదు. కోసిన కాళ్ళు ఎప్పుడూ కాల్చేదేదా. తొమ్మిదికి నాయకరుని బల్ల మీద పెట్టినారు, క్లోరోఫారం ఇచ్చినారు, కాలు తెరిచినారు. తెరిచినాక 'ఆ కాలు ఎత్తుకురా' అన్నాడు డాక్టరు. లేదు సామి, మన్నులో పెట్టేసినారు అంటిని. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గడియారం చూసినాడు. తరువాత వాకిలి చూసినాడు. ఇదిగో ఈ పడుకున్న ఈయప్ప, బయట తిన్నె మీద కూర్చుని ఉండినాడు, నాయకరు కోసం."

"డాక్టరు ఏమన్నాడు అతనితో?"

"మీ నాయకరు నడవాలంటే వేలంత ఎముక కావాల, నీ కాల్లోంచి తీస్తాను, ఆరు నెలల్లో మళ్ళీ నిండుకుంటాది, నీకి ఏమీ కాదు అన్నాడు. అది అబద్దం కాదు సామి, అట్ల తీసి బాగైనవాళ్ళని నేను చూసుండాను. ఈయప్ప ఒక్క మాటదా అడిగినాడు. ఏ కాలు అని. డాక్టరు కుడిది అంటే తానే పోయి పక్క బల్ల మీద పడుకున్నాడు."

"రిజిస్టరులో పాల్‌పాండి పేరు ఎందుకు?"

"పొద్దున్నే రాసిపెట్టేసినారు. మార్చలేదు. ఇద్దరు మనుషులకి ఒకే రంపం, ఒకే బల్ల గుడ్డ. ఉడికించే టైం లేదు. మూడో దినం ఈయప్పకి జరం వచ్చింది. కాలు ఉబ్బింది. పదిహేడు రాత్రి డాక్టరు నన్ను పిలిచి, వీన్ని ఇక్కడ్నించి ఎత్తుకుపో, మధురైకి పో, యాడికన్నా పో, నా పేరు చెప్పొద్దు అన్నాడు. కాంపౌండరుని తూత్తుకుడికి పంపించేసినాడు. నేను ఈడికి తెచ్చుకున్నాను. పన్నెండేళ్ళు కట్లు కట్టినాను కదా, బాగు చేస్తాను అనుకుంటిని. దాని నడుమలో ఈయన్ని చంపినారని ఊర్లో కేసు అంటుండారు. ఇట్లాంటి మనిషిని నేను యాడికి ఎత్తుకుపోతును? నా పాకలో చస్తే నన్నేదా కట్టేస్తారు."

చాప మీది మనిషి కళ్ళు తెరిచాడు. సుబ్బురాజ్ వంగాడు.

"చెల్లసామీ, నీ పెండ్లాం పంపింది నన్ను."

చెల్లసామి అతన్ని చూశాడు. మాట రావడానికి సమయం పట్టింది.

"నాయకరు నడుస్తుండాడా?"

"కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు."

"సరే," అని కళ్ళు మూసుకున్నాడు.

మూక్కన్ దుప్పటి పక్కకు లాగాడు. మోకాలి నుంచి తొడ మీదికి ఎర్రటి చార ఒకటి పోతోంది. దాని పక్కన చర్మం మీద బొగ్గుతో అడ్డగీతలు గీసి ఉన్నాయి. ఎనిమిది గీతలు.

"తెల్లారి నుంచి మిల్లు గంట కొట్టినప్పుడల్లా గీస్తుండాను," అన్నాడు. "నిన్నటిదాకా మోకాలి కాడ నిలిచుండింది. ఇప్పుడు గంటకి అర వేలు ఎక్కుతుండాది. ఇంకా మూడు వేళ్ళ చోటు ఉండాది. అది దాటి గజ్జకి పోతే కోసేదానికి ఏమీ మిగలదు."

మధురై రైలు నాలుగూ పదికి. చేరేది ఆరుకు. స్టేషను నుంచి పెద్దాస్పత్రికి, అక్కడ సర్జన్ వచ్చి బల్ల మీద పెట్టేసరికి ఎనిమిది. ఇప్పటికి ఒంటిగంటా నలభై, గోపాలకృష్ణన్ రైలు కదిలే వేళ. ఆరు గంటల ఇరవై నిమిషాలు. మూడు వేళ్ళకు పైన.

"మధురైకి తట్టుకుంటాడా?"

"నాలుగు దినాల కింద అడిగుంటే తట్టుకుంటాడని చెప్పుంటాను. ఇప్పుడు రైలు కుదుపుకే పోతాడు సామి."

"విరుదునగర్‌లో తొడ దగ్గర కోయగలవాడు ఇంకెవడున్నాడు?"

మూక్కన్ నర్సింగ్ హోం ఉన్న దిక్కుకు చూశాడు. సుబ్బురాజ్ రెండోసారి అడగలేదు. పొన్నమ్మాళ్ తమ్ముణ్ణి పిలిచాడు. పాల్‌పాండిని బండిలోంచి దించి పాకలో కూర్చోబెట్టారు. చెల్లసామిని చాపతో సహా బండిలోకి ఎత్తారు. ఎద్దును నడకనే తోలారు.

మూడూ అయిదుకు బండి నర్సింగ్ హోం ముందు ఆగింది. డాక్టర్ జ్ఞానమణి భోంచేసి వచ్చి వరండాలో నిలబడి ఉన్నాడు. సుబ్బురాజ్‌ను చూశాడు. మూక్కన్‌ను చూశాడు. తర్వాత బండిలోకి చూశాడు. అక్కడినుంచి కళ్ళు చాలాసేపు తీయలేదు.

"కాలు తీసేయాలి," అన్నాడు సుబ్బురాజ్. "తొడ దగ్గర. ఇప్పుడే."

డాక్టరు మెట్లు దిగి వచ్చాడు. దుప్పటి ఎత్తి చార మీద వేలు పెట్టాడు. నాడి పట్టుకున్నాడు. బండి చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు. ఆయన సుబ్బురాజ్‌ను చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకెళ్ళాడు.

"వంద మందిలో నలభై మంది బల్ల మీదే పోతారు. మంచి చేతుల్లో."

"మీ చేతులు మంచివే అంటారు."

"పొద్దున నన్ను బోనులో నిలబెడతానన్నారు. ఆ మాట ఉందా?"

"ఉంది. ఒక్క ముక్క తగ్గించను."

డాక్టరు గొంతు తగ్గించాడు. "అయితే వినండి. వీడు బతికితే ఎముక ఎవరు తీశారో, పదిహేడు రాత్రి ఎవరు గెంటేశారో వీడే చెబుతాడు. నేను జైలుకు పోతాను. చచ్చిపోతే ఒక వార్డు పనివాడి మాట ఒకటి, నా మాట ఒకటి. కోర్టు ఎవరిని నమ్ముతుందో మీకు తెలుసు. ఇది తెలిసే నా దగ్గరికి తెచ్చారా?"

"తెలిసే తెచ్చాను."

"లోపల నా కత్తి ఎంత లోతు పోతోందో మీకు తెలియదు. ఏ నరం కట్టానో, ఏది వదిలానో తెలియదు. చూస్తూ నిలబడ్డా తెలియదు."

"నాకు తెలియదు. మూక్కన్‌కు తెలుసు. పన్నెండేళ్ళు మీ పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడూ నిలబడతాడు."

డాక్టరు మూక్కన్ వైపు తిరిగాడు. మూక్కన్ తల దించుకోలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి కావచ్చు.

"క్లోరోఫారం ఎవరిస్తారు?" అన్నాడు డాక్టరు.

"నేను ఇస్తాను సామి," అన్నాడు మూక్కన్. "చుక్క చుక్కగా. కాంపౌండరు చేసేది చూసినాను."

"ఎక్కువైతే ఆగిపోతాడు. తక్కువైతే లేచి కూర్చుంటాడు. ఏది జరిగినా చంపింది నువ్వే అని నేను చెప్పగలను. తెలుసా?"

"తెలుసు సామి."

డాక్టరు సుబ్బురాజ్‌ను చూడలేదు. బండిని చూశాడు.

"రంపం ఉడకబెట్టడానికి ఇరవై నిమిషాలు," అన్నాడు. "ఈసారి ఉడకబెట్టాలి. గీత ఎక్కడికొచ్చింది?"

మూక్కన్ దుప్పటి తీసి తొడ మీద వేళ్ళు ఆనించి కొలిచాడు.

"రెండు వేళ్ళ చోటుదా మిగిలుండాది సామి. బండి కుదుపుకి ఇంకా కొంచెం తక్కువ."

డాక్టరు కోటు విప్పాడు.